వోల్గాతీరపు నుడి – మూసీతీరపు గద్దె

క్రీ.శ. 1550వ సంవత్సరమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా గోలకొండ గద్దె నెక్కెను. అటుపై రెండేండ్లకు, 1552 అక్టోబరు మాసమున, వోల్గానదీ ప్రాంతమునందలి కజాను కోట రష్యా ప్రభువు నాలుగవ ఐవాను వశమయ్యెను. ఈ రెండు సంఘటనలకును పరస్పర సంబంధ మేమియు లేదు. అయినను వీనిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో చరిత్ర చదువువానికి ఒక వింత గోచరించును. గోలకొండలో స్థిరపడినది తుర్కమాను వంశము. కజానులో కూలినది తాతారుల రాజ్యము. తుర్కమానుల నుడియు, తాతారుల నుడియు తుర్కీ భాషా కుటుంబమునకే చెందిన రెండు శాఖలు. ఈ రెండు జాతులవారిని భాషను బట్టి దాయాదులనవచ్చును.

ఒక దాయాది గద్దె నెక్కెను. ఒక దాయాది గద్దె గోలుపోయెను. నాలుగు వందల డెబ్బది యేండ్లు గడచిన పిమ్మట వారి నుడులు ఏ స్థితిలో నున్నవని విచారించినచో ఫలితము తలక్రిందులుగా కనబడును. గోలకొండ నేలిన వంశపు పూర్వుల నుడి మూసీతీరమున ఏ వీథిలోను వినబడదు. రాజ్యము పోయిన తాతారుల నుడి మాత్రము నేటికిని లక్షలాది జనుల నోట మెలగుచున్నది. దానిలో కవులు పుట్టిరి, వార్తాపత్రికలు వెలువడినవి, బడులు నడచినవి.

ఇట్లేల జరిగెను? ఉద్యోగధర్మము ననుసరించి సొంతగడ్డను విడిచి, పుదుచ్చేరిలోని ఇందిరా నగరు వంటి చోట్ల కాపురములు పెట్టి, పిల్లలకు తెలుగు రాకపోవుచున్నదని లోలోన చింతించు తల్లిదండ్రులకు ఇది కేవలము గ్రంథములలోని ప్రశ్న కాదు.

పేరు పుట్టుక

తాతారులను పేరు మిక్కిలి ప్రాచీనమైనది. మంగోలియాలో ఓర్ఖోను నదీలోయయందు ఎనిమిదవ శతాబ్దినాటి తుర్కీ శిలాశాసనములు కలవు. వానిలో ‘ముప్పది తాతారులు’ అను తెగల కూటమి ప్రస్తావన కానవచ్చును. ఆ తాతారులను 1202లో చెంగిజుఖాను యుద్ధమున నిర్మూలించెను. వింత యేమనగా, ఓడిపోయినవారి పేరే గెలిచినవారికి అంటుకొన్నది. మంగోలు సేనలు పశ్చిమమునకు సాగినప్పుడు, ఆ సేనలను, అందు కలిసిన నానావిధ తుర్కీ తెగలను ఇరుగుపొరుగువారు తాతారులనియే పిలిచిరి. ఐరోపా జనులు భయము చేత ఆ మాటలో మఱియొక రకారము చేర్చి, గ్రీకుల పాతాళలోకమగు ‘తార్తారసు’ను స్మరింపజేయునట్లు ‘తార్తారు’లనిరి.

కజాను ప్రాంతపు తాతారుల పూర్వులలో ముఖ్యులు వోల్గా బుల్గారులు. వోల్గా, కామా నదులు కలియు చోట వారికి వర్తకముచే సంపన్నమైన రాజ్యముండెను. 922లో బాగ్దాదు ఖలీఫా పంపిన రాయబార మచటికి చేరెను. అందున్న ఇబ్న్ ఫద్లాను తాను చూచిన దానిని విపులముగా వ్రాసి పెట్టెను. నాటినుండి బుల్గారులు ఇస్లాము మతము నవలంబించి, అరబ్బీ లిపిని స్వీకరించిరి. 1236లో మంగోలులు ఆ రాజ్యమును కూలద్రోసిరి. పిమ్మట అది ‘అల్తిన్ ఉర్దా’, అనగా బంగారు దండు, అను మహాసామ్రాజ్యమున కలిసిపోయెను. ఆ సామ్రాజ్యము బలహీనమైన పిమ్మట పదునైదవ శతాబ్ది మధ్యభాగమున కజాను ఖానుల రాజ్యము వేఱుగా వెలసెను. వలస వచ్చినవారి రక్తమును స్థానికుల రక్తమును కలిసి నేటి తాతారు జాతి యేర్పడెను. తమకు ఇతరులు పెట్టిన ఆ పేరు వారిలో పెక్కండ్రకు చిరకాలము రుచింపలేదు. ముసల్మానులమనియు, బుల్గారులమనియు, కజాను వారమనియు చెప్పుకొనెడివారు. పందొమ్మిదవ శతాబ్దిలో షిహాబుద్దీన్ మర్జానీ (1818–1889) అను పండితుడు ఆ పేరునందు సిగ్గుపడదగిన దేదియు లేదని తనవారికి నచ్చజెప్పెను.

తెలుగునందును ఇట్టి పేరొకటి కలదు. సంస్కృత శాసనములలోని ‘తురుష్క’ శబ్దమును, తెలుగులోని ‘తురక’ శబ్దమును తుర్కు అను జాతినామము నుండి వచ్చినవే. ఒక జాతికి చెందిన పేరు క్రమముగా ఒక మతము వారికెల్ల వాడబడెను. ఆ మాట నుచ్చరించువారిలో అది యొకనాటి భాషాజాతి పేరని యెఱిగినవారు అరుదు.

వోల్గానుండి బీదరునకు

వోల్గాతీరమునకును దక్కనునకును నడుమ బాట లేకపోలేదు. పదునైదవ శతాబ్ది ఉత్తరార్ధమున అఫనాసీ నికీతిను అను రష్యా వర్తకుడు త్వేరు నగరమున బయలుదేరి, వోల్గా వెంబడి క్రిందికి వచ్చుచుండగా అస్త్రాఖాను వద్ద తాతారులు అతని సరకును దోచుకొనిరి. అతడు వెనుదిరుగక పారసీక దేశము మీదుగా, సముద్రము దాటి బహమనీ సుల్తానుల రాజధానియగు బీదరు చేరెను. నాడు తెలంగాణములోని అధికభాగము బహమనీ రాజ్యములోనిదే. అతని యాత్రారచన రష్యను భాషలోనిదే యైనను, మధ్యమధ్య తుర్కీ, పారసీ, అరబ్బీ మాటలు కలిసిన వాక్యములు, ప్రార్థనలు కనబడును. త్వేరు వర్తకుడు బీదరు వీథులలో నెగ్గుకొని రాగలిగినాడన్నచో, వోల్గానుండి దక్కను వరకు ఆ కలగలుపు నుడి బాటసారులకు ఎంతటి సాధనమై యుండెనో ఊహింపవచ్చును.

ఆ బీదరు కొలువునకే కొంతకాలమునకు సుల్తాన్ కులీ అను యువకుడు వచ్చెను. అతడు పారసీక దేశమునందలి హమదాను ప్రాంతము వాడు. ‘కరా కొయున్లు’, అనగా నల్లగొఱ్ఱెలవారు, అను తుర్కమాను రాజవంశమునకు చెందినవాడు. తెల్లగొఱ్ఱెలవారను ప్రత్యర్థి తెగ విజృంభింపగా, ఆ వంశీయులకు స్వదేశమున నిలువనీడ లేకపోయెను. ఆ వంశమునకు తుర్కీ నుడియం దభిమానము లేకపోలేదు. 1438 నుండి 1467 వరకు ఏలిన జహాను షా ‘హకీకీ’ అను కలముపేరుతో తుర్కీలో కవిత్వము చెప్పినవాడు.

గోలకొండలో జరిగినది

సుల్తాన్ కులీ తన పరాక్రమముచే బహమనీ ప్రభువుల మెప్పు వడసి, 1496లో తెలంగాణమునకు అధికారి యయ్యెను. 1518 నాటికి స్వతంత్రుడై గోలకొండ రాజ్యమునకు పునాది వైచెను. 1543లో అతడు హతుడు కాగా, కుమారుడు జంషీదు గద్దె నాక్రమించెను. ఆతని తమ్ముడు ఇబ్రహీము ప్రాణరక్షణకై విజయనగరమునకు పాఱిపోయి, అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడపెను. తెలుగు పద్యము ఘనముగా సన్మానింపబడిన ఆ నగరమున ఆతని యౌవనము గడచెను.

తిరిగి వచ్చి రాజైన పిమ్మట ఇబ్రహీము తెలుగు కవుల నాదరించెను. వారు ఆతని పేరును తెలుగు నోటికి ఒదుగునట్లు ‘మల్కిభరాము’డని మార్చుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఆతనికే అంకితమిచ్చెను. ఆతని అధికారియగు అమీనుఖానునకు పొన్నగంటి తెలగనార్యుడు ‘యయాతిచరిత్రము’ను అంకితమిచ్చెను. సంస్కృత సమములను విడిచి అచ్చతెలుగున రచింపబడిన తొలి కావ్యముగా అది ప్రసిద్ధి కెక్కెను. తెలుగు నుడి యొక్క స్వచ్ఛతను పరీక్షించిన ఆ కావ్యమునకు కృతిభర్త పటానుచెరువు ప్రాంతపు ఖాను అగుట చరిత్రలోని చమత్కారములలో నొకటి.

1591లో హైదరాబాదు నగరమును నిర్మించిన మహమ్మద్ కులీ గొప్ప కవి. ఆతని కవిత్వము దక్కనీ నుడిలోనిది. అందు తెలుగు మాటలును దొరలినవి. కుతుబ్ షాహీ కొలువున రాజభాష పారసీ. పల్లెలలో కరణముల లెక్కలు తెలుగు. పారసీ, తెలుగు రెండును గల ఫర్మానాలు వెలువడినవి. అక్కన్న మాదన్నలు మంత్రులుగా నున్న అబుల్ హసన్ తానీషా కాలమున (1672–1687) ఇట్టి ద్విభాషా పత్రములు విరివిగా కనబడును. ఆ ప్రభువుల సమాధులపై చెక్కిన శాసనములు అరబ్బీ, పారసీ భాషలలో నున్నవి.

ఇన్ని భాషల నడుమ తాతముత్తాతల తుర్కీ నుడి యేమైనది? దానిని ఎవ్వరును నిషేధింపలేదు. దానిపై పగబట్టిన శత్రువు లేడు. రాజ్యమేలిన వంశమే దానిని క్రమముగా మఱచెను. దర్బారునకు పారసీ చాలెను. బజారునకును అంతఃపురమునకును దక్కనీ చాలెను. ప్రజలతో వ్యవహారమునకు తెలుగు వలసియుండెను. తుర్కీ మాటలాడు రైతులును చేతిపనులవారును ఊళ్లకూళ్లుగా తెలంగాణమునకు వచ్చి నిలువలేదు. తుర్కీ నేర్పు పిల్లల బడి యన్నది వెలయలేదు. అది ప్రభువుల పూర్వస్మృతిగా మిగిలి, పిదప స్మృతిగా కూడ మిగులలేదు. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొను నాటికి అచట కూలుటకు తుర్కీ కొలువు లేనే లేదు.

ఆ నుడి తెలుగునకు విడిచిపోయిన గుర్తులు మాత్రము కొన్ని కలవు. వంటింటి ‘చాకు’, సిపాయి ‘తుపాకి’, ‘ఖాను’, ‘బేగము’ మొదలగు మాటలు పారసీ, ఉర్దూల ద్వారమున వచ్చిన తుర్కీ సంతతివే. ‘ఉర్దూ’ అను పేరే దండు అను అర్థముగల తుర్కీ మాట. వోల్గాతీరపు ‘అల్తిన్ ఉర్దా’ యందలి ‘ఉర్దా’యు ఇదియు ఒక్కటే.

కజానులో జరిగినది

ఇక వోల్గాతీరమునకు మరలవలెను. కజాను పతనమునకు పూర్వము సుయుంబికె అను రాణి తన పసివాడైన కుమారుని పేర రాజ్యపాలన చేయుచుండెను. ఆమె పేరులోని ‘బికె’ శబ్దమును, తెలుగువారెఱిగిన ‘బేగము’ శబ్దమును ఒకే కుదురునుండి పుట్టినవి. 1551లో ఆమెను బిడ్డతో కూడ మాస్కోకు పంపివేసిరి. మఱుసటి యేడు ఐవాను సేనలు కోటను ముట్టడించి, గోడలక్రింద మందుగుండు పేల్చి, నగరము జొచ్చినవి. చిత్రపటములలో ఎల్లరును చూచియుండు మాస్కోలోని రంగురంగుల గుమ్మటముల సెయింట్ బాసిల్ దేవాలయము ఆ విజయమునకు స్మారకముగా 1555–1561 నడుమ కట్టబడినదే.

తాతారులను కోటనుండి వెడలగొట్టిరి. వారు నగరపు గోడల వెలుపల, కబాను సరస్సు తీరమున తమ పేటను కట్టుకొనిరి. మసీదులు నేలమట్టమైనవి. మతము మార్చుకొన్నవారికి రాయితీలు, మార్చుకొననివారికి కష్టములు కలిగెను. పదునెనిమిదవ శతాబ్ది మధ్యభాగము వరకును ఈ పీడనము విడతలు విడతలుగా సాగెను. 1767లో రెండవ కాథరిను రాణి కజానునకు వచ్చినప్పుడు తాతారులకు రాతి మసీదులు కట్టుకొన ననుజ్ఞ లభించెను. అప్పటికి రాజ్యము పోయి రెండు వందల పదునైదేండ్లు. ఆ రెండు వందల పదునైదేండ్లు వారి నుడిని కాపాడినదెవరు?

దీనికి సమాధానము పల్లెలలో దొరకును. ప్రతి మసీదు ప్రక్కను ‘మక్తబు’ అను చిన్న బడి యుండెడిది. ముల్లా మగపిల్లలకు అక్షరములు నేర్పెడివాడు. ముల్లా భార్యను ‘అబిస్తాయ్’ అందురు. ఆమె ఊరి ఆడపిల్లలను తన యింటనే చేర్చుకొని చదువను నేర్పెడిది. ఆ చదువు గొప్పదని చెప్పుటకు వీలులేదు. మతగ్రంథములను వల్లించుటయే అందు ప్రధానము. అయినను ప్రభుత్వ సహాయ మిసుమంతయు లేకయే అక్షరమును తల్లినుండి కూతునకు అందించిన బడి యది. సుల్తానుల గోలకొండలో తుర్కీకి లేనిది, ప్రభువులు లేని తాతారు పల్లెలో నున్నది ఇదియే.

నుడి తీరు

ఆ భాష స్వరూపము తెలుగువారికి ఆసక్తి గొల్పునట్టిది. తాతారు నుడి తుర్కీ కుటుంబమున కిప్చాకు శాఖకు చెందినది. అందు ‘బల’ యనగా బిడ్డ. ‘బలలర్’ అనగా బిడ్డలు. ‘బలలరిబిజ్’ అనగా మా బిడ్డలు. ‘బలలరిబిజ్గా’ అనగా మా బిడ్డలకు. పూసలు గ్రుచ్చినట్లు ఒక ప్రత్యయముపై మఱియొక ప్రత్యయము చేరును; మూలశబ్దము చెక్కుచెదరదు. వాక్యమున క్రియ చివర నుండును. ‘బల కితాప్ ఉకీ’ యన్నచో ‘బిడ్డ పుస్తకము చదువుచున్నది’ అని తెలుగు వరుసలోనే అర్థము చెప్పుకొనవచ్చును. లింగభేదము మాత్రము లేదు. వాడు, ఆమె, అది యను మూటికిని ‘ఉల్’ అను నొక్క మాటయే.

అచ్చుల పొందిక యను లక్షణ మొకటి కలదు. మాటలోని అచ్చులను బట్టి ప్రత్యయములోని అచ్చు మాఱును. పుస్తకములు ‘కితాప్‌లర్’, మనుష్యులు ‘కెషెలేర్’. ఇట్టి పొందిక తెలుగునకు క్రొత్తది కాదు. ‘తోటకు’ అనియు ‘గదికి’ అనియు పలుకుట యిట్టిదే. ఇ, ఈ, ఐల మీద కు, ను, వుల ఉకారము ఇకారమగునని చిన్నయసూరి బాలవ్యాకరణమున సూత్రీకరించెను. ఇట్టి పోలికలను చూచియే కాల్డ్వెలు పండితుడు 1856లో ద్రావిడ భాషలకును తుర్కీ మొదలగు భాషలకును చుట్టరికము కలదని తలంచెను. నేటి భాషాశాస్త్రవేత్త లా చుట్టరికము నంగీకరింపరు. నిర్మాణమున పోలిక వేఱు, రక్తసంబంధము వేఱు.

ఎరువు తెచ్చుకొన్న మాటలలో మాత్రము ఇరువురకును ఉమ్మడి సొత్తు కలదు. తాతారు ‘ఖబర్’ తెలుగున ‘కబురు’. ‘జవాప్’ జవాబు. ‘దఫ్తర్’ దఫ్తరు. ‘వకీల్’ వకీలు. ‘తర్జెమె’ తర్జుమా. కార్యాలయమున పనిచేయు తెలుగువాడు కజాను కార్యాలయమున కాలిడినను కొన్ని మాటలు చెవికి పరిచితములుగానే తోచును. అరబ్బీ, పారసీలనుండి ఒకటి ఉత్తరమునకు, ఒకటి దక్షిణమునకు సాగివచ్చిన మాట లవి.

అచ్చు, బడి, కవి

1778లో సాగిత్ ఖల్ఫీను అను ఉపాధ్యాయుడు రచించిన తాతారు అక్షరమాల మాస్కో విశ్వవిద్యాలయ ముద్రణాలయమున అచ్చయ్యెను. 1800లో కజాను ఉన్నత పాఠశాల వద్ద ఆసియా భాషల ముద్రణాలయము వెలసెను. 1804లో కజాను విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. టాల్‌స్టాయి 1844లో చేరినది అచటి ప్రాచ్యభాషల విభాగముననే. అచ్చు పుస్తకము చౌకగా పల్లెకు చేరుటతో మక్తబులో మొదలైన చదువునకు మేత దొరకెను.

అప్పటి పండితులు వ్రాసిన భాష అరబ్బీ పారసీ పదముల బరువుచే సామాన్యునకు దుర్గ్రాహ్యమై యుండెను. కయూం నాసిరీ (1825–1902) ఈ పద్ధతి నెదిరించి, జనులు మాటలాడు నుడిలోనే పంచాంగములు, నిఘంటువులు, వ్యాకరణము, శాస్త్రవిషయములు వ్రాసెను. ఆ పండితులకు ఆయన యెగతాళికి పాత్రుడయ్యెను. తెలుగున గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) చేసిన పోరాటము నెఱిగినవారికి నాసిరీ చరిత్ర పరిచితముగా తోచును. క్రిమియా తాతారు ఇస్మాయిలు గాస్ప్రిన్‌స్కీ 1883లో ‘తర్జుమాను’ అను పత్రికను స్థాపించి, మఱుసటి యేడు అక్షరములను ధ్వనిని బట్టి నేర్పు క్రొత్త బడిని నెలకొల్పెను. ఆ పద్ధతి వోల్గా పల్లెల వరకు వ్యాపించెను.

ఈ కృషికి ఫలముగా అబ్దుల్లా తుకాయి పుట్టెను (1886–1913). చిన్ననాటనే తలిదండ్రులను గోలుపోయిన ఆ బాలుని చేతులు మార్చి పెంచిరి. ఒకప్పుడు కజానులోని గడ్డిబజారున ‘ఈ పిల్లవానిని ఎవరైన పెంచుకొందురా’ యని అడిగి అప్పగించిరట. ఇట్లు తల్లి లేక పెరిగినవాడే తల్లినుడిపై వ్రాసిన గేయము తాతారులకు జాతీయగీతమువంటి దయ్యెను. ఇరువదియేడవ యేట క్షయవ్యాధిచే మరణించిన ఆ కవి పుట్టినదినమైన ఏప్రిలు 26ను తాతారులు తమ భాషాదినముగా జరుపుకొందురు. తెలుగువారు ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషాదినముగా జరుపుకొనుట ఇచట స్మరింపదగినది.

మూడు లిపులు

1920 మే 27న సోవియట్ పాలనలో తాతారు స్వయంపాలిత గణతంత్రము ఏర్పడెను. మఱుసటి యేడు రష్యనుతో పాటు తాతారు భాషకును రాజభాషా ప్రతిపత్తి లభించెను. కాని లిపి విషయమున వారికి గొప్ప విపత్తు సంభవించెను. వేయేండ్లుగా వాడుకలోనున్న అరబ్బీ లిపిని 1927లో తొలగించి లాటిను లిపిని ప్రవేశపెట్టిరి. పండ్రెండేండ్లకు, 1939లో, దానినిని తొలగించి రష్యను లిపిని నియమించిరి. తాత వ్రాసినది తండ్రికి కష్టము. తండ్రి చదివినది కొడుకునకు అయోమయము. ఇంటి అటకపై నున్న పుస్తకములు ఆ యింటివారికే చదువరానివయ్యెను.

మూసా జలీలు (1906–1944) అను కవి చరిత్ర ఈ లిపుల కథకు సాక్ష్యము. ఆయన 1942లో యుద్ధరంగమున జర్మనులకు చిక్కి, శత్రువుల నడుమనుండియే రహస్యముగా ప్రతిఘటనము సాగించి పట్టుబడెను. బెర్లినులోని మోవాబీతు చెఱసాలలో దొరకిన కాగితపు ముక్కలను కుట్టి చిన్న పుస్తకములు చేసి కవితలు వ్రాసెను. 1944 ఆగస్టు 25న ఆయనకు మరణశిక్ష అమలు జరిగెను. తోడి ఖైదీల మూలమున రెండు పుస్తకములు స్వదేశము చేరినవి. అందొకటి బెల్జియం దేశస్థుడగు ఆంద్రే తిమ్మర్మన్సు కాపాడినది. ఆ రెంటిలో ఒకటి అరబ్బీ లిపిలోను, ఒకటి లాటిను లిపిలోను ఉన్నవి. రెండును అప్పటికే ప్రభుత్వము తొలగించిన లిపులు. చావు ముంగిట నిలిచినవాని చేతికి వచ్చినవి చిన్ననాట నేర్చిన అక్షరములే. 1957లో ఆయన కవిత్వమునకు లెనిను బహుమాన మీయబడెను.

ఆ 1944వ సంవత్సరముననే మే 18న క్రిమియా తాతారులను స్త్రీ బాల వృద్ధులతో కూడ రైళ్లకెక్కించి మధ్య ఆసియాకు తరలించిరి. వారి నుడి కజాను నుడికి దగ్గఱదైనను వేఱు భాష.

1992లో తాతారుస్తాను శాసనముచే తాతారు, రష్యను రెండును రాజభాషలయ్యెను. బడులలో తాతారు అందఱకును నిర్బంధపాఠ్యమయ్యెను. లాటిను లిపికి మరలవలెనని 1999లో చేసిన చట్టమును, 2002లో రష్యా సమాఖ్య చేసిన చట్టసవరణ నిలిపివైచెను. 2017లో నిర్బంధబోధనము తొలగి, తల్లిదండ్రులు కోరినచో వారమునకు రెండు గంటలు మాత్రమే నేర్పుట మొదలయ్యెను. జనాభాలెక్కలను చూచినచో, రష్యాలో తాతారులమని చెప్పుకొన్నవారు 2010లో సుమారు 53 లక్షలు. 2021లో సుమారు 47 లక్షలు. తాతారు వచ్చునని చెప్పినవారు అదే కాలమున సుమారు 43 లక్షలనుండి 33 లక్షలలోపునకు తగ్గిరి. జాతికంటె నుడి వేగముగా తఱుగుచున్నది. ఐవాను ఫిరంగులు చేయలేని పనిని, ‘ఈ భాషతో పిల్లవానికి ఉద్యోగము వచ్చునా’ యను ఇంటిలోని ప్రశ్న చేయుచున్నది.

ఇందుకు బదులు చెప్పిన చిన్న సమాజ మొకటి ఫిన్లాండు దేశమున కలదు. పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి వర్తకమునకై వోల్గా ప్రాంతపు పల్లెలనుండి అచటికి వెళ్లిన తాతారుల సంతతివారు వేయిమందికి మించరు. వారు 1925లో తమ ధార్మిక సంఘమును స్థాపించుకొనిరి. బడి గంటల వెలుపల పిల్లలకు తాతారు నేర్పుచు, చిన్న పుస్తకములు అచ్చువేయించుచు, నాలుగైదు తరములు నుడిని నిలుపుకొనిరి.

పుదుచ్చేరి, యానాము

పుదుచ్చేరి నేలకును ఈ కథతో ఒక విధమగు పోలిక కలదు. దూప్లెక్సు కాలపు దుబాసీ ఆనందరంగ పిళ్ల (1709–1761) తన దినచర్యను తమిళమున వ్రాసినవాడు. ఆయన పేర కస్తూరి రంగకవి తెలుగున ‘ఆనందరంగరాట్ఛందము’ను రచించెను. గోలకొండలో తుర్కమాను ప్రభువువలె, పుదుచ్చేరిలో తమిళ దుబాసి తెలుగు కవి నాదరించెను. పరుల ఆదరము భాషకు గౌరవమే. కాని తెలుగు బ్రతికినది ఆ కృతుల వలన మాత్రమే కాదు. ఆ కృతులు వెలువడు వేళ పల్లెలలో తల్లులు బిడ్డలతో తెలుగున మాటలాడుచుండుట వలన.

యానాము ఇందుకు నిదర్శనము. గోదావరి గౌతమీశాఖ ఒడ్డున, పుదుచ్చేరికి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా దూరమున, సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర గల ఆ చిన్న పట్టణము రెండు శతాబ్దులకు పైగా ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1954లో ఆ పాలన ముగిసెను. దొరల భాష ఫ్రెంచి. ఊరి భాష తెలుగు. నేడు ఫ్రెంచి యానామున గతచరిత్ర, తెలుగు నిత్యవ్యవహారము. 1965 నాటి అధికారభాషా చట్టము యానామునకు సంబంధించి తెలుగునకు స్థానము కల్పించినది. ప్రజల నోట నిలిచినదానినే ఆ చట్టము గుర్తించినది.

పుదుచ్చేరి పట్టణమున స్థితి వేఱు. కేంద్రప్రభుత్వోద్యోగి ఇంట బిడ్డకు తెలుగు ఇంటి మాట. తమిళము వీథి మాట. ఆంగ్లము, హిందీ బడి మాటలు. మూడేండ్లకో అయిదేండ్లకో బదిలీ యగును; వీథి మాట మాఱును; బడి మాట మిగులును. తెలుగునకు ఇక్కడ శత్రువు లేడు, నిషేధము లేదు. గోలకొండలో తుర్కీకిని లేకుండెను. పనికి వచ్చు భాషలు పెక్కు దొరకినప్పుడు, పనితో నిమిత్తము లేక మిగులవలసిన భాషను ఎవరు మోయుదురన్నదే ప్రశ్న. తాతారు పల్లెలో దానిని మోసినవారు ముల్లాయు, ఆతని భార్యయు, ఫిన్లాండులో కొలదిమంది వర్తకులు. ఉద్యోగుల సాంస్కృతిక సంఘములు ఉగాదినాడు నాటకములు వేయుటతో పాటు, ఆదివారమునాడు ఒక గది, ఒక నల్లబల్ల, పదిమంది పిల్లలు అను పాటి యేర్పాటు చేయగలిగినచో అది అబిస్తాయి ఇంటి బడికి తక్కువ కాదు.

తాతారు మనుమనికి తాత ఉత్తరము చదువరాకపోయెనన్నచో, అందుకు కారణము చెప్పుకొనవచ్చును: ప్రభుత్వము రెండుమాఱులు లిపిని మార్చెను. తెలుగు లిపిని అట్లు మార్చిన ప్రభుత్వము లేదు. అమ్మమ్మ తాను చిన్ననాట దిద్దిన గుండ్రని అక్షరములతోనే నేటికిని ఉత్తరము వ్రాయుచున్నది. ఇందిరా నగరులోని మనుమడు దానిని తల్లి చేతికిచ్చి చదివి వినిపింపు మనకుండ, తానే విప్పి చదువుకొనగల్గునా లేదా యన్నది ఆ యింటివారి చేతిలోనే యున్నది.